సుబ్బరామ దీక్షితుల జీవితాన్ని ఒక సాయంత్రం పాడి చెప్పాలంటే

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో కర్ణాటక గాత్రం నేర్పుతాను. సాయంత్రం బడి పిల్లలు వస్తారు, పొద్దున పది దాటాక ఇంటి పని తెమిలిన ఆడవాళ్లు వస్తారు. ఏటా దీపావళి తర్వాతి ఆదివారం, కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల పేరిట గుడి మండపంలో ఒక కార్యక్రమం చేస్తాం. ఆయన 1835లో దీపావళి నాడే ఎట్టయపురంలో కన్నుమూశారు కాబట్టి ఆ రోజులు ఎంచుకున్నాం. కృతులు వరసగా పాడి, మంగళం పాడి లేచిపోకుండా, ప్రతి ఏడూ ఒక విద్వాంసుడి జీవితాన్ని తీసుకుని మాట, పాట కలిపి గంటకు పైగా చెప్పడం అలవాటు చేసుకున్నాం. జగిత్యాల, కరీంనగర్ వైపు సంగీతం నేర్పేవాళ్లు కొందరు మేమూ చేస్తాం, ఎట్లా తయారు చేసుకోవాలో రాసి పెట్టమన్నారు. ఇది వాళ్ల కోసం.

ఉదాహరణకు సుబ్బరామ దీక్షితులను (1839–1906) తీసుకుంటున్నాను. ముత్తుస్వామి దీక్షితుల ఇంట్లో తర్వాతి తరాల మనిషి. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు. పాడేవారు, వీణ వాయించేవారు, సొంతంగా వర్ణాలు (రాగం స్వరూపం చూపే అభ్యాస రచనలు), కృతులు కట్టారు. అన్నిటికీ మించి, ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే పదిహేడు వందల పేజీల దాకా ఉన్న పుస్తకాన్ని తెలుగులో రాసి 1904లో అచ్చు వేయించారు. తమిళ దేశంలో, ఇప్పటి తూత్తుకుడి జిల్లాలో ఉన్న ఊళ్లో కూర్చుని, తెలుగు లిపిలో. ఈ రోజు ముత్తుస్వామి కట్టిన ‘వాతాపి గణపతిం’ పాడే మన పిల్లలకు ఆయన పేరు తెలియదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మన లిపిలో మన కోసం ఉన్న పుస్తకాన్ని మనమే తెరవకపోతే ఎవరు తెరుస్తారు?

ఇలాంటి కథలన్నిటికీ నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. గొప్ప వాగ్గేయకారుడి చుట్టమైన గాయకుడి గురించి చెప్పేటప్పుడు, చుట్టరికం మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేసి పక్కన పెట్టాలి. మిగతా సమయమంతా ఆ మనిషి ఏం పాడాడు, ఏం చేశాడు అన్నదానికే ఇవ్వాలి. లేకపోతే ఎవరి పేరు చెప్పి మొదలుపెట్టినా సభ చివరకు పెద్దాయన కథే విని ఇంటికి పోతుంది.

ముందు చుట్టరికం తేల్చుకోండి

ఒక పెద్ద చార్ట్ కాగితం మీద ఆరు పేర్లే రాయండి. రామస్వామి దీక్షితులు (1735–1817) పైన. ఆయన హంసధ్వని రాగాన్ని రూపొందించినవారు. కింద ఆయన ముగ్గురు కొడుకులు: ముత్తుస్వామి, చిన్నస్వామి, బాలుస్వామి. వాళ్లకొక చెల్లెలు కూడా ఉంది, కానీ మన కథ అటు పోదు కాబట్టి చార్ట్‌లో వద్దు. బాలుస్వామి కింద సుబ్బరామ దీక్షితులు, ఆయన కింద కొడుకు అంబి దీక్షితులు.

బాలుస్వామికీ సుబ్బరాముడికీ మధ్య గీత గీసేటప్పుడు ఆగి చెప్పండి. సుబ్బరాముడు బాలుస్వామి కూతురి కొడుకు. తాతే ఆయనను దత్తత తీసుకుని కొడుకుగా పెంచాడు. కాబట్టి ముత్తుస్వామి ఆయనకు పుట్టుకతో తాత వరస, దత్తతతో పెద్దబాపు వరస. మా సభలో ఈ మాట చెప్పగానే పెద్దవాళ్లు తలలూపుతారు. మన ఇళ్లలో తాత దగ్గర పెరిగిన మనుమళ్లు ఎంతమంది లేరు! ఇక్కడ ఇంకేమీ వివరించక్కర్లేదు.

తర్వాత రెండు సంవత్సరాలు పక్కపక్కన రాయండి: 1835, 1839. మొదటిది ముత్తుస్వామి పోయిన ఏడు, రెండోది సుబ్బరాముడు పుట్టిన ఏడు. అంటే ఆయన ముత్తుస్వామిని కళ్లతో చూడలేదు. "ముత్తుస్వామి దీక్షితుల పాదాల దగ్గర నేర్చుకున్నాడు" అని ఉత్సాహంలో చెప్పేవాళ్లున్నారు, మీరు మాత్రం చెప్పకండి. ఆ కృతులన్నీ తాత బాలుస్వామి నోటి నుంచి ఆయనకు వచ్చాయి. కథకు బలం ఇక్కడే ఉంది. అన్న పాటలను తమ్ముడు గుర్తుపెట్టుకున్నాడు, ఆ తమ్ముడు మనుమడికి నేర్పాడు, ఆ మనుమడు ముసలితనంలో కాగితం మీద పెట్టాడు.

బాలుస్వామి గురించి ఒక్క ముక్క చెప్పకుండా ముందుకు పోవద్దు. దీక్షితుల కుటుంబం కొంత కాలం మద్రాసు దగ్గర మణలిలో ఉంది. అక్కడ బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో మొదటివాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు తీగ మీద ఒక్కసారి కమాను లాగితే చాలు. సభకు విషయం అర్థమైపోతుంది. ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆయన సొంతం ఏమిటో వెతకండి

ఆయన జీవిత కథలో ఒక ఘట్టం ఉంది. పదిహేడేళ్ల వయసులో సుబ్బరాముడు దర్బారు రాగంలో ఒక తాన వర్ణం కట్టి ఎట్టయపురం రాజుకు వినిపించాడు. రాజుకు అనుమానం వచ్చింది. ఇది ఈ కుర్రవాడిది కాదు, వెనకాల తాత ఉన్నాడు అనుకున్నాడు. పరీక్షగా యదుకుల కాంభోజిలో జతిస్వరం అనే స్వర రచన కట్టమన్నాడు. కుర్రవాడు కట్టి చూపించాడు. ఆ తర్వాతే ఆస్థానం.

నా సలహా అడిగితే, మీ కథను ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. చార్ట్ తర్వాత పెట్టుకోవచ్చు. గొప్పవాడి ఇంట్లో పుట్టిన పాటగాడికి జీవితమంతా ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఇది నీదా, మీ తాతదా? ఈ ప్రశ్న సభ ముందు ఉంచి, దానికి జవాబు పాటతోనే ఇవ్వండి. దర్బారులో ఏదైనా వర్ణం మీ పిల్లలకు వచ్చి ఉంటే దాని పల్లవి ఒకసారి పాడించండి. కానీ అది ఆయన వర్ణం కాకపోతే కాదని స్పష్టంగా చెప్పండి. రాగం రుచి చూపించడానికి పాడుతున్నామంటే ఎవరూ తప్పు పట్టరు.

ఆయన సొంత కృతుల్లో కచేరీల్లో వినిపించేది శంకరాభరణంలో ‘శంకరాచార్యం’. కార్యక్రమానికి అదే ప్రధానమైన పాట కావాలి. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పెద్ద విద్వాంసుల రికార్డింగులు దొరుకుతాయి, కానీ విని పట్టుకున్నదాన్ని పుస్తకంలోని స్వరంతో ఒకసారి సరిచూసుకోండి.

రెండోది, సంచారులు. ప్రదర్శినిలో ఒక్కో రాగానికి ముందు, పదిహేడో శతాబ్దపు సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి సంప్రదాయంలోని లక్షణ శ్లోకం ఉంటుంది, తర్వాత తెలుగులో వివరణ, లక్షణ గీతం, తానం, కృతులు, చివర సంచారి. ఆ సంచారులు సుబ్బరామ దీక్షితులు స్వయంగా కట్టినవి. రాగం ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో, ఏ స్వరం మీద వాలాలో ఆయన తన చేత్తో చూపించిన పాఠాలు అవి. సాహిత్యం లేదు కాబట్టి ఎవరూ సభలో పాడరు. మా పిల్లల చేత శంకరాభరణం సంచారి స్వరాలుగా పాడించి, గుక్క తిప్పుకోకుండా ‘శంకరాచార్యం’ ఎత్తుకుంటాం. వింటున్నవాళ్లకు ఆ రెండూ ఒకే మనిషి నుంచి వచ్చాయని చెప్పకుండానే తెలుస్తుంది.

పుస్తకం తెరిచినప్పుడు

మూల గ్రంథం స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఎట్టయపురంలో విద్యా విలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయిన ఈ పుస్తకాన్ని హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ కూడా తర్వాత మళ్లీ వేసింది, కాబట్టి పాత లైబ్రరీల్లో అడిగి చూడండి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ తమిళంలో వేసింది. మనకు మూలమే చాలు.

మొదటిసారి తెరిస్తే భయం వేస్తుంది. మాటల మధ్య ఖాళీ తక్కువ, సంధులు విడదీసి ఉండవు, బండి ఱలు, అరసున్నలు. కళ్లతో చదవకండి. గొంతెత్తి చదవండి. పది పంక్తులు పైకి చదివేసరికి వాక్యం ఎక్కడ విరుగుతుందో నోటికి తెలిసిపోతుంది. ఇంట్లో పాత భాగవతం చదివిన పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. పోతన పుట్టిన గడ్డ మీద అలాంటివాళ్లు ఇంకా దొరుకుతారు.

ముందుగా వాగ్గేయకార చరిత్ర భాగం చదవండి. డెబ్బైకి పైగా సంగీతజ్ఞుల గురించి చిన్న చిన్న పరిచయాలు అందులో ఉన్నాయి. తన కుటుంబం గురించీ అక్కడే రాశారు. ఏ కథ ఎవరి పేరు కింద ఉందో నోట్‌బుక్‌లో పేజీ నంబరుతో రాసుకోండి. సభ అయ్యాక ఎవరైనా "ఇది ఎక్కడుంది?" అని అడిగితే పేజీ చూపించగలగాలి. అలా చూపించలేని కథ ఎంత బాగున్నా నేను చెప్పను.

తర్వాత రాగాల భాగం. ఇక్కడ పిల్లలే కాదు, టీచర్లూ తికమక పడతారు. మనం నేర్చుకున్న 72 మేళకర్తల (మూల రాగాల) పట్టిక వేరు, దీక్షితుల ఇంటి పట్టిక వేరు. వాళ్లది వేంకటమఖి సంప్రదాయపు అసంపూర్ణ మేళ పద్ధతి, అంటే మేళ రాగం ఎక్కడంలోనూ దిగడంలోనూ ఏడు స్వరాలూ వరసగా ఉండాలన్న నియమం లేనిది. సంఖ్య అదే ఉంటుంది, పేరు మారుతుంది, రాగ స్వరూపం కూడా చాలా చోట్ల మారుతుంది. 22 దగ్గర మనం ఖరహరప్రియ అంటాం, అక్కడ శ్రీరాగం ఉంటుంది. 28 దగ్గర హరికాంభోజి కోసం వెతికితే హరికేదారగౌళ కనిపిస్తుంది. 8 తోడి అక్కడ జనతోడి, 65 కల్యాణి అక్కడ శాంతకల్యాణి. మన శంకరాభరణం, మాయామాళవగౌళ మాత్రం తొందరగానే దొరుకుతాయి. కాబట్టి అక్కడ మొదలుపెడితే టెన్షన్ ఉండదు. రెండు పట్టికలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి గోడకు అంటించుకోండి. ఈ సంగతి సభకు మాత్రం చెప్పకండి. సంగీతం తెలియనివాళ్లు అక్కడే లేచి వెళ్లిపోతారు.

స్వరాల మీద ఉండే గుర్తులు చాలా ముఖ్యం. స్వరం పైన అలలాంటి గీత ఉంటే కంపితం, అంటే స్వరాన్ని ఊపడం. జారు అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం: పైకి వాలిన గీత ఎక్కే జారు, కిందికి వాలినది దిగే జారు. నొక్కు, రవ, ఒరికై, ఒదుగింపు, ఇలా ఒక్కో గమకానికీ (స్వరాన్ని పలికించే తీరుకూ) ఒక్కో గుర్తు పెట్టి, ముందు భాగంలో వివరించారు. ఆ రోజుల్లో పాటల పుస్తకమంటే సాహిత్యం, రాగం పేరు, తాళం పేరు. మహా అయితే కింద సరిగమలు. గొంతు ఎక్కడ ఊగాలో కూడా అచ్చులో పట్టుకోవాలని ఆయన అంత కష్టపడ్డారు. ఒక పేజీని పెద్దగా జిరాక్స్ తీయించి, గుర్తులను ఎర్ర పెన్నుతో దిద్ది పిల్లల చేతికివ్వండి. వాళ్లకు ఇది ఆటలా ఉంటుంది. పెద్దవాళ్ల కంటే ముందు వాళ్లే పట్టేస్తారు.

పుస్తకంలోని పాఠానికీ మీ గురువుగారు నేర్పిన పాఠానికీ తేడా వస్తుంది. తప్పకుండా వస్తుంది. ‘వాతాపి గణపతిం’ చూడండి, పుస్తకంలో నిరాడంబరంగా ఉంటుంది. కచేరీల్లో మనం వినే సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల) వరస తర్వాతి విద్వాంసులు పెంచుకుంటూ వచ్చినది. ఏది సరైనది అని పోట్లాట పెట్టుకోవద్దు. మీ గురువుగారి పాఠాన్ని మార్చమని నేను చెప్పను. సభలో రెండూ పల్లవి వరకు పాడండి. ముందు పుస్తకంలో ఉన్నట్టు, తర్వాత మీకు వచ్చినట్టు. రామస్వామి దీక్షితులు రూపొందించిన రాగం, ముత్తుస్వామి కట్టిన కృతి, సుబ్బరాముడు అచ్చుకెక్కించిన స్వరం, మూడు తరాలూ ఆ ఒక్క పాటలో ఉన్నాయి. చుట్టరికపు ఐదు నిమిషాలు ముగించడానికి ఇంతకంటే మంచి పాట లేదు.

బతుకమ్మ పాటతో ఒక ప్రయోగం

మా కార్యక్రమంలో సభ బాగా కదిలేది ఇక్కడ. మీరు తప్పక చేయాలని నా కోరిక.

ఇద్దరు ఆడవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. ఒకరు పరకాల వైపు, ఇంకొకరు నర్సంపేట వైపు పుట్టినవాళ్లయితే బాగుంటుంది. సంగీతం నేర్చుకోనివాళ్లే కావాలి. ఇద్దరికీ తెలిసిన ఒకే బతుకమ్మ పాటను ఒకరి తర్వాత ఒకరిని నాలుగు చరణాలు పాడమనండి. మాటలు దాదాపు ఒకటే ఉంటాయి. నడక వేరు, గొంతు ఎత్తే చోటు వేరు, చరణం చివర దించే తీరు వేరు. సభ వెంటనే గుర్తుపడుతుంది. ఎవరిది సరైనదని అడిగితే రెండూ అంటారు. అప్పుడు ఆ ఇద్దరినీ అడగండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని. అమ్మ, అమ్మమ్మ, మేనత్త. మీ బిడ్డలకు వచ్చా అని అడగండి. ఈ ప్రశ్నకు చాలాసార్లు జవాబు రాదు. రాకపోతే నింపడానికి తొందరపడకండి.

తర్వాత స్వరజ్ఞానం ఉన్న మీ విద్యార్థి ఒకరు ముందే రాసుకున్న సరిగమలు తీసి, మొదటి ఆమె పాడిన పాటను అచ్చంగా స్వరాల ప్రకారం, ఏ ఊపూ లేకుండా పాడాలి. ప్రాణం లేనట్టు వినిపిస్తుంది. పాడిన ఆమే "అట్ల కాదు బిడ్డా" అంటుంది. అప్పుడు అదే కాగితం మీద రెండు జారు గుర్తులు, ఒక కంపితం గుర్తు పెట్టి మళ్లీ పాడించండి. మొత్తం రాదు, కానీ దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు 1899కి రండి. మద్రాసులో ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఏ.ఎం. చిన్నస్వామి ముదలియార్ క్రైస్తవుడు. మన పాటలను యూరప్ పద్ధతి నొటేషన్‌లో అచ్చు వేయాలని తపన పడ్డ మనిషి. సుబ్బరామ దీక్షితుల దగ్గర ఉన్న సంపద ఏమిటో ఆయనకు తెలుసు. చూపు మందగించిన దశలో ఎట్టయపురం వచ్చి, ఈ విద్య ఈయనతోనే పోకూడదు, పుస్తకం రాయించండి అని రాజా వారిని వేడుకున్నారు. అప్పటికి సుబ్బరామ దీక్షితులకు అరవై ఏళ్లు. ముత్తుస్వామి కృతులు 229, వేంకటమఖి సంప్రదాయపు గీతాలు, తానాలు, ఇంట్లో తరతరాలుగా దాచుకున్న విద్య. ఇల్లు దాటనివ్వని రోజుల్లో ఆయన అదంతా బయట పెట్టారు. ఐదేళ్లలో పుస్తకం వచ్చింది. మరో రెండేళ్లకు ఆయన పోయారు.

ఈ తేదీలు చెబుతున్నప్పుడు గొంతు మార్చకండి, వయొలిన్ మీద కరుణ రాగం వాయించమని చెప్పకండి. బతుకమ్మ పాట తర్వాత వచ్చిన ఈ మాటలకు ఏ అలంకారమూ అక్కర్లేదు.

వరస, సమయం

మొత్తం డెబ్బై నిమిషాలు దాటనివ్వకండి. మా వరస ఇది. దర్బారు ఘట్టంతో మొదలు. తర్వాత చార్ట్, వాతాపి. ఆ తర్వాత పిల్లల చేత ఒక నొట్టుస్వరం. బ్రిటిష్ వాళ్ల బ్యాండ్ వరసలకు ముత్తుస్వామి సంస్కృత సాహిత్యం రాసిన చిన్న పాటలివి. ‘సంతతం పాహిమాం’ అయితే ఇంగ్లండు రాజు పాట వరస. పెద్దవాళ్లు కొందరు గుర్తుపట్టి నవ్వుతారు, సభ తేలికపడుతుంది. అక్కడి నుంచి బతుకమ్మ ప్రయోగం, పుస్తకం కథ. తర్వాత సంచారి, ‘శంకరాచార్యం’. చివర అంబి దీక్షితులు, మంగళం.

‘మీనాక్షి మే ముదం దేహి’ గురించి ఒక హెచ్చరిక. ముత్తుస్వామి దీక్షితులు శిష్యుల చేత ఆ కృతి పాడించుకుంటూ, ‘మీనలోచని పాశమోచని’ అనే చోట ప్రాణం విడిచారని సంప్రదాయంగా చెబుతారు. ఇది చెబితే సభ కళ్లు చెమరుస్తాయి, నాకు తెలుసు. కానీ అది సుబ్బరాముడి కథ కాదు, ఆయన పుట్టక ముందు జరిగింది. అందుకే మేం రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు పోతాం. ఆ కృతిని ఇంకో ఏడు ముత్తుస్వామి గురించి చెప్పేటప్పుడు పూర్తిగా పాడుకోవచ్చు.

భాత్‌ఖండే ప్రస్తావన మాత్రం వదలొద్దు. హిందుస్తానీ సంగీతానికి శాస్త్రం కూర్చిన విష్ణు నారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణ దేశమంతా తిరుగుతూ ఎట్టయపురం వచ్చి సుబ్బరామ దీక్షితులను కలిశారు. వేంకటమఖి రాసిన సంగీత శాస్త్ర గ్రంథం ‘చతుర్దండి ప్రకాశిక’ ప్రతిని ఆయన దగ్గరే సంపాదించారు. మన దగ్గర ఖయాల్, గజల్ వినేవాళ్లు ఎక్కువ. నిజాం రాజ్యపు ఊళ్లు కదా. ఆ వర్గం శ్రోతలు ఈ మాటతో ఒక్కసారిగా ముందుకు వంగి వింటారు.

అంబి దీక్షితులతో ముగించడానికి కారణం ఉంది. సుబ్బరాముడి కొడుకైన ఆయన (1863–1936) మద్రాసులో దీక్షితుల కృతులు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ప్రసిద్ధ గాయని డి.కె. పట్టమ్మాళ్ ఉన్నారు. పట్టమ్మాళ్ రికార్డింగ్ ఒకటి ముందే సెల్‌ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకుని, స్పీకర్‌కు కలిపి రెండు నిమిషాలు వినిపించండి. బాలుస్వామి, సుబ్బరాముడు, అంబి, పట్టమ్మాళ్. చార్ట్ మీద ఆరు పేర్లే ఉన్నాయి కదా, అంబి దీక్షితుల కింద ఆ ఏడో పేరును అప్పుడు రాయండి.

మాట ఎట్లా ఉండాలి

మొత్తం రాసుకోండి, కానీ చదవకండి. నేను మా పెద్ద విద్యార్థిని ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఒగ్గు కథలో పక్క కళాకారుడు మధ్య మధ్య అడిగినట్టు ఆ అమ్మాయి సభ తరఫున అడుగుతుంది: "దత్తత ఎందుకు తీసుకున్నాడు?" "తమిళ ఊళ్లో తెలుగెందుకు?" ఆ రెండో ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి. తంజావూరు నాయక రాజుల కాలం నుంచి ఆ దేశంలో సంగీతపు భాష తెలుగే. ఎట్టయపురం జమీందారులు కూడా తెలుగు మూలం ఉన్న నాయక కుటుంబమే. అదే ఊళ్లో 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టారని కూడా చెప్పండి. సాహిత్యం చదివినవాళ్లకు ఊరు వెంటనే కళ్లకు కడుతుంది.

"మహానుభావుడు", "సంగీత సముద్రుడు" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఆయన చేసిన పని చెబితే చాలు, మిగతాది వినేవాళ్లే అనుకుంటారు. రాగ లక్షణం ఒక్క చోటే చెప్పండి, అదీ పాడి చూపిస్తూ.

మండపం దగ్గర

గుడిలో పెట్టుకుంటే సాయంత్రం హారతి సమయం పూజారి గారిని అడిగి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. శ్రుతి ముందే ఖాయం చేసి మృదంగం ఆయనకు చెప్పండి. ఆడపిల్లల బృందానికి మేం ఐదు శ్రుతి పెట్టుకుంటాం. సెల్‌ఫోన్ తంబురా ఒక్కదాన్నే నమ్ముకోకుండా, బ్యాటరీతో నడిచే శ్రుతి పెట్టె కూడా పక్కన ఉంచండి, కరెంటు పోయినా, ఫోన్ మోగినా పాట ఆగదు. మాటకు ఒక మైకు, పాటకు ఒక మైకు. బతుకమ్మ పాడే ఇద్దరికీ మైకు ఇవ్వకండి. చేతిలో మైకు పెడితే వాళ్ల గొంతు బిగుసుకుపోతుంది. సభ నిశ్శబ్దంగా ఉంటే మండపంలో బాగానే వినిపిస్తుంది.

ప్రశ్నలు వస్తాయి

వేములవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలకు ఏటా వెళ్లి వినే రసికులు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్లు లోతైన ప్రశ్నలే అడుగుతారు. ఎక్కువగా వచ్చేది, ముత్తుస్వామి పేరిట వందల కృతులు పాడుతున్నారు కదా, 229 మాత్రమే అంటారేమిటి అని. ప్రదర్శినిలో ఉన్నవి అన్ని అని చెప్పండి. మిగతావి ఇతర శిష్యుల దారుల్లో, తర్వాత అచ్చయిన పుస్తకాల ద్వారా మనకు వచ్చాయి. వాటిలో కొన్నింటి కర్తృత్వం మీద పండితుల్లో చర్చ ఉంది. అంతవరకు చాలు.

ఇంకొకటి, దీనికీ మన ఓరుగల్లుకూ సంబంధం ఏమిటని. ఈ ప్రశ్న అంటే నాకు ఇష్టం. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని పదమూడో శతాబ్దంలో ‘నృత్తరత్నావళి’ రాయకపోయి ఉంటే, అప్పటి నర్తకులు కాలు ఎట్లా కదిపారో మనకు రామప్ప రాళ్లు తప్ప ఇంకేం చెప్పేవి? కళను నేర్చినవాడే దాన్ని రాసి పెట్టడం ఈ గడ్డకు కొత్త కాదు. ఇంకో సంగతి కూడా చెబుతాను. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టింది కూడా 1904లోనే. తెలుగు చదువు కోసం ఇక్కడివాళ్లు లైబ్రరీ పెట్టుకుంటున్న ఏడాదే, అక్కడ ఎట్టయపురంలో తెలుగు పుస్తకం అచ్చవుతోంది. ఆ ఏడాది ఇక్కడివాళ్లకు అక్కడి సంగతి తెలిసి ఉండదు. మనకు తెలిసింది కాబట్టి చెప్పుకోవాలి.

వచ్చినవాళ్లకు ప్రసాదంతో పాటు ఒక కాగితం ఇవ్వండి. ఒక వైపు చార్ట్, రెండో వైపు శంకరాభరణం సంచారి, పైన ఐదారు గమక గుర్తుల వివరణతో. సంగీతం నేర్పేవాళ్లకు ఇంకో ప్రతి ఎక్కువ ఇవ్వండి. వచ్చే ఏడాదికి శ్యామశాస్త్రి కొడుకు సుబ్బరాయ శాస్త్రిని తీసుకోవాలని మా ఆలోచన. రీతిగౌళలో ‘జననీ నిన్నువినా’ కట్టినవారు. మీరూ ఎవరినైనా ఎంచుకుంటే శ్రావణంలోనే చదవడం మొదలుపెట్టండి. దసరా సెలవుల్లో పిల్లలు ఊళ్లకు పోతారు, ఆ పది రోజులు రిహార్సల్ ఉండదని ముందే లెక్క వేసుకోండి.